మళ్లీ బండెక్కుదాం – మూడో పాఠం: బ్రేకు మీద చెయ్యి

మొదటి రెండు పాఠాల్లో బండి సంగతి చూశాం. బ్యాటరీ 12.4 వోల్టుల కంటే తక్కువ చూపిస్తే ఛార్జింగ్ పెట్టించడం, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చెక్ చేయించడం, చైను తుడిచి ఆయిల్ వేయడం, కార్బురేటర్ బండయితే నిలవున్న పెట్రోలు తీయించడం. అవన్నీ అయ్యాయనే అనుకుంటున్నాను. ఇవాళ్టి పాఠం మన చేతుల గురించి. డిసెంబరు చలికి బండి మీద కవరు కప్పి మెట్రోలో తిరిగి, సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి రెండు నెలలు ఇట్టే గడిచిపోతాయి. మెకానిక్ దగ్గర బండి ఒక పూటలో బాగవుతుంది. చేతికి పాత అలవాటు రావడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది.

నాలుగేళ్ల కిందట నేనూ సర్వీసింగ్ చేయించాకే బండి తీశాను. మూడో రోజు పొద్దున కొత్తపేటలో ఒక కాలనీ మలుపు తిరుగుతుంటే ముందున్న ఆటో ఉన్నపళంగా ఆగింది. ముందు బ్రేకు లివర్ ఒక్కసారిగా గట్టిగా పట్టేశాను. కడుతున్న ఇంటి ముందు ఇసుక రోడ్డు మీదికి పరుచుకుని ఉంది. హ్యాండిల్ ఇంకా తిరిగే ఉంది. ముందు చక్రం జారి, కుడి మణికట్టు విరిగింది. అప్పుడు వేగం 30 కూడా లేదు. బండిలో ఏ లోపమూ లేదు. రెండు నెలలు బ్రేకు ముట్టని చెయ్యి కంగారులో చేసిన పని అది.

ఇలాంటివి విన్నాక చాలామంది ఇళ్లలో వచ్చే మాట ఒకటే: ‘ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావు.’ మా ఇంట్లోనూ అదే చెప్పారు. ప్రేమతో చెప్పిన మాటే అయినా అది తప్పు. బ్రేకు వేయగానే బరువు ముందుకు వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. ఆ సమయంలో రోడ్డును గట్టిగా పట్టుకుని ఉండేది ముందు టైరే. వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే చక్రం బిగుసుకుని బండి పక్కకు ఈడుస్తుంది, ఆగే దూరమూ పెరుగుతుంది. ముందు బ్రేకుతో ప్రమాదమంతా ఒక్కసారిగా పట్టడంలో ఉంది. బరువు ముందుకు రాకముందే చక్రం బిగుసుకుంటే టైరుకు పట్టు దొరకదు.

అందుకే నిమ్మకాయ పిండినట్టు పట్టాలి. మొదట లివర్‌లో ఉన్న వదులు పోయేదాకా మెల్లగా లాగండి. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కులు కాస్త కిందికి దిగడం తెలుస్తుంది. అప్పుడు పట్టు పెంచుతూ పోండి. డిస్కు బ్రేకయితే రెండు వేళ్లు చాలు, డ్రమ్ము అయితే నాలుగూ కావాలి. కుడికాలు వెనక బ్రేకును అదే సమయంలో మెల్లగా తొక్కుతుంది. చూపు లివర్ మీదా ముందు చక్రం మీదా కాదు, దూరంగా రోడ్డు మీద ఉండాలి.

చాలామందికి బ్రేకుతో పాటే క్లచ్ పట్టేసే అలవాటుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించే అలవాటు ఇదే. క్లచ్ పట్టగానే ఇంజిన్ చక్రాన్ని ఆపే పని మానేస్తుంది, ఆ భారమంతా బ్రేకుల మీద పడుతుంది. బండి దాదాపు ఆగబోతుండగా, ఇంజిన్ గింజుకునే ముందు పట్టండి చాలు.

2019 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లలో 125 సీసీ దాటినవాటికి ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), అంతకు లోపువాటికి కనీసం సీబీఎస్ (ఒక బ్రేకు వేస్తే రెండు చక్రాలకూ పడే ఏర్పాటు) తప్పనిసరి చేశారు. ఏబీఎస్ పనిచేస్తున్నప్పుడు లివర్ దడదడలాడుతుంది. భయపడి వదలకండి. చాలా బళ్లలో అది ముందు చక్రానికే ఉంటుంది కాబట్టి వెనక చక్రం బిగుసుకునే అవకాశం అలాగే ఉంది. ఏబీఎస్ ఉన్నా మలుపులో వంగి ఉన్నప్పుడు గట్టిగా బ్రేకు వేయకూడదు.

ఇక సాధన. ఆదివారం పొద్దున, మంచు విడిపోయి వెలుతురు బాగా వచ్చాక, మీ కాలనీలో ఇసుక లేని ఖాళీ తారు రోడ్డు చూసుకోండి. నెక్లెస్ రోడ్డు వద్దు, వాకింగ్‌వాళ్లూ సైకిళ్లవాళ్లూ ఉంటారు. హెల్మెట్ పట్టీ బిగించండి, షూ వేసుకోండి, వెనక ఎవరినీ ఎక్కించుకోకండి. మొదట నాలుగైదు సార్లు నెమ్మదిగా బ్రేకు వేయండి. నిలవున్న డిస్కు మీది సన్నని తుప్పు పొర రాలిపోతుంది, గరగర చప్పుడూ ఆగుతుంది. ఆగకపోతే మెకానిక్‌కు చూపించాకే మిగతా సాధన.

సుద్దముక్కతో రోడ్డు మీద గీత గీయండి. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి సరిగ్గా గీత దగ్గర బ్రేకు మొదలుపెట్టి, బండి నిలువుగా ఉంచి ఆపండి. ఎడమకాలు కింద పెట్టండి. గీత నుంచి ఎన్ని అడుగులు వచ్చారో నడిచి లెక్కపెట్టండి. అలా పదిసార్లు. చెయ్యి కుదిరాక 30, ఆ తర్వాతే 40. అంతకు మించి కాలనీలో వద్దు. వేగం రెట్టింపయితే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలు అవుతుందని మీ అడుగులే చెబుతాయి. పైగా 40లో వెళ్తూ ఒక్క సెకను ఆలస్యం చేస్తే, బ్రేకు పడకముందే 11 మీటర్లు వెళ్లిపోతారు. దాదాపు ఒక సిటీ బస్సు పొడవు.

ఇసుక, రాలిన ఆకులు, బస్టాపుల దగ్గర ఆయిల్ మరకలు కనిపిస్తే వేగమంతా వాటికి ముందే తగ్గించుకోండి. వాటి మీదికి వచ్చేసరికి బ్రేకు వదిలేసి, హ్యాండిల్ తిన్నగా పెట్టి దాటండి.

మూడు రోజులు, రోజుకు 20 నిమిషాలు. నాలుగో రోజు ఆఫీసు దారిలో వెళ్లి చూడండి, కానీ ఏడింటికే, ట్రాఫిక్ పెరగకముందు. 40 నుంచి ఆగడానికి ఎన్ని అడుగులు పట్టిందో కాగితం మీద రాసి దాచుకోండి. వచ్చే పాఠంలో హాఫ్ క్లచ్ మీద యూటర్న్ తిరగడం నేర్చుకునేటప్పుడు ఆ లెక్కతో పని ఉంది.