క్రొయేషియన్ మాండలికాన్ని గుర్తుపట్టే విధానం

ముందుగా, మాట్లాడే వ్యక్తి ‘ఏమిటి’ అనడానికి ఏ పదం వాడుతున్నారో వినాలి. ‘కాయ్’ అంటే క్రొయేషియా రాజధాని జాగ్రెబ్ చుట్టుపక్కల వినిపించే కాయ్‌కావియన్. ‘చా’ అంటే ఇస్ట్రియా, అడ్రియాటిక్ దీవుల చాకావియన్. ‘ష్టో’ లేదా ‘ష్టా’ అంటే ప్రామాణిక భాషకు ఆధారమైన ష్టోకావియన్. ఈ ఒక్క గుర్తునే నమ్ముకోకుండా, పాలను ఏమంటారో కూడా అడగాలి: ప్రామాణిక భాషలోని ‘మ్లియెకో’, అడ్రియాటిక్ తీరప్రాంతమైన డల్మేషియాలో తరచుగా వినిపించే ‘మ్లికో’, కాయ్‌కావియన్‌లోని ‘మ్లెకో’ మూడూ పాత స్లావిక్‌లోని ‘యాత్’ అనే అచ్చు నుంచి చీలిన రూపాలే.

పాత భాషను పరిశీలించదలచినవారు క్ర్క్ దీవిలో దొరికిన, సుమారు 1100 నాటి గ్లాగోలిటిక్ అనే పాత స్లావిక్ లిపిలోని బాష్కా శాసనంతో మొదలుపెట్టవచ్చు. 1830లో క్రొయేషియన్ లిపి సంస్కరణను ప్రతిపాదించిన ల్యుదెవిత్ గాయ్, కాయ్‌కావియన్ ప్రాంతమైన క్రాపినాలో పుట్టి కూడా, అందరికీ ఉమ్మడి రాతభాషగా ష్టోకావియన్ వైపే మొగ్గడం గమనించదగినది.