ఆఫీసు మెయిల్ సర్వర్‌ను వర్చువల్ మెషిన్‌లోకి మార్చాలా, వద్దా: ఎలా తేల్చుకోవాలి?

చీమకుర్తి వైపు గ్రానైట్ ఆఫీసుల్లో సర్వర్ మూత తీస్తే ఫ్యాన్ల మీద రాతిపొడి మేట వేసి ఉంటుంది. గెలాక్సీ రాయి కొనే విదేశీ పార్టీల మెయిళ్లన్నీ ఆ డబ్బాలోనే ఉంటాయి. ఒకరోజు అది మొరాయిస్తుంది. "వర్చువల్ చేసేద్దామా?" అని ఓనరుగారు అడిగేది సరిగ్గా అప్పుడే. ఆ టెన్షన్‌లో తీసుకోవాల్సిన నిర్ణయం కాదిది. ముందు డబ్బాను లేపి నిలబెట్టండి, ఆ తర్వాత నింపాదిగా ఆలోచించండి.

వర్చువలైజేషన్ అంటే గట్టి కంప్యూటర్ ఒకటి తీసుకుని, దానిమీద హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, రెండు మూడు సర్వర్లను ఒకే ఇంట్లో వేర్వేరు వాటాల్లో కాపురాలు పెట్టించినట్టు నడపడం. హైపర్-వి, వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్ఐ, ప్రాక్స్‌మాక్స్ ఈ పని చేసేవే. వాటాలు ఎన్నున్నా ఇల్లు ఒక్కటే. అది కూలితే మెయిల్‌తో పాటు ట్యాలీ కూడా పోతుంది. వర్చువల్ చేస్తే సర్వర్ ఇక ఆగదని చెప్పి అమ్మేవాళ్లున్నారు, ఆ మాట నమ్మకండి. అసలు లాభం వేరే ఉంది: సర్వర్ మొత్తం కొన్ని ఫైళ్లుగా మారుతుంది కాబట్టి ఈ ఇల్లు పోయినా ఇంకో ఇంట్లోకి మూటాముల్లె సర్దుకుని వెళ్లొచ్చు.

మొదటి పని, మెయిల్ మీ ఆఫీసులోనే ఉండాలా అని అడగడం. మెయిల్‌బాక్సులు పది పదిహేనే అయితే, స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) లేకపోతే, ఆ ఐపీకి రివర్స్ డీఎన్ఎస్ (ఆ ఐపీ ఏ సర్వర్‌దో పేరు చెప్పే నమోదు) పెట్టించుకునే వీలు లేకపోతే నా ఓటు క్లౌడ్ మెయిల్‌కే. రివర్స్ డీఎన్ఎస్, ఎస్‌పీఎఫ్, డీకిమ్ (ఈ చివరి రెండూ మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఆధారాలు) సరిగా లేని సర్వర్ మెయిళ్లను జీమెయిల్ లాంటివి స్పామ్‌లో పడేస్తాయి, లేదా వెనక్కి తిప్పుతాయి. వర్చువల్ చేసినంత మాత్రాన ఇది మారదు.

ఇక్కడే ఉండాలంటే, ఇప్పుడు నడుస్తున్నది ఏ వెర్షనో చూడండి. అది మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎక్స్ఛేంజ్ అయితే, దాని 2016, 2019 వెర్షన్లు రెండింటికీ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ముసలి సర్వర్‌ని కొత్త ఇంట్లో పెట్టినా వయసు తగ్గదు. ముందు వెర్షన్ సంగతి తేల్చండి.

తర్వాత కొలత. విండోస్‌లోని పర్ఫార్మెన్స్ మానిటర్‌ను ఒక వారం నడపండి, అందులో నెలాఖరు రోజులు పడేలా చూసుకోండి. చిన్న ఆఫీసుల్లో ప్రాసెసర్ చాలాసేపు ఖాళీగానే ఉంటుంది. ఇబ్బంది పెట్టేది డిస్క్. ఒక్కో రీడ్‌కి పట్టే సమయం పదే పదే 20 మిల్లీసెకన్లు దాటుతుంటే, అదే డిస్క్ మీద ఇంకో సర్వర్‌ని కూర్చోబెట్టడం రెండింటినీ చంపుకోవడమే. ఎస్ఎస్‌డీలు జతగా, ఒకదానికొకటి నకలుగా ఉండే మెషిన్ కొనలేకపోతే ఈ ఏడాదికి ఆగడమే మేలు. పాత డబ్బాలోనే హైపర్‌వైజర్ వేద్దామనే ఆలోచన మాత్రం వద్దే వద్దు.

కొత్త మెషిన్ కొంటే లైసెన్స్ లెక్క చూసుకోండి. విండోస్ సర్వర్ స్టాండర్డ్‌తో మెషిన్‌లోని ప్రాసెసర్ కోర్లన్నింటికీ లైసెన్స్ తీసుకుంటే రెండు వర్చువల్ సర్వర్లు నడపొచ్చు. మెయిల్‌కి ఒకటి, ట్యాలీకి ఒకటి సరిపోతాయి. ర్యామ్ దగ్గర పిసినారితనం వద్దు: ఎక్స్ఛేంజ్‌కి డైనమిక్ మెమరీ (అవసరాన్ని బట్టి ర్యామ్‌ను పెంచుతూ తగ్గిస్తూ ఇచ్చే పద్ధతి) పనికిరాదు, ఇవ్వాల్సింది కచ్చితంగా కేటాయించాలి.

ఇక స్నాప్‌షాట్, అంటే వర్చువల్ సర్వర్ ఆ క్షణంలో ఎలా ఉందో అలా గుర్తుపెట్టే సదుపాయం. బటన్ నొక్కితే అయిపోతుంది కాబట్టి అందరూ దాన్నే బ్యాకప్ అనుకుంటారు. కానీ అది ఉండేది అదే డిస్క్ మీద. డిస్క్ పోతే రెండూ పోతాయి. పైగా మెయిల్ సర్వర్‌ను వారం కిందటి స్నాప్‌షాట్‌కి వెనక్కి తిప్పితే ఆ వారం మెయిళ్లు గల్లంతు. ఎక్స్ఛేంజ్ విషయంలో అయితే మైక్రోసాఫ్టే దాన్ని ఒప్పుకోదు. మెయిల్‌ని అర్థం చేసుకునే బ్యాకప్ వేరుగా ఉండాలి, ఒక కాపీ ఆఫీసు బయట ఉండాలి. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున సర్వరూ బ్యాకప్ డిస్కూ ఒకే బల్లకింద ఉంటే ఏమవుతుందో ఒంగోలు, నెల్లూరు వాళ్లకి చెప్పక్కర్లేదు.

కరెంటు సంగతి కూడా. యూపీఎస్ బ్యాటరీ అయిపోయేలోపు లోపలి సర్వర్లు ముందు, బయటి మెషిన్ తర్వాత ఆగాలి. కరెంటు వచ్చాక డొమైన్ కంట్రోలర్ (ఆఫీసు లాగిన్లన్నీ సరిచూసే సర్వర్) ముందు లేచి, మెయిల్ తర్వాత లేవాలి. ఒక ఆదివారం ప్లగ్ పీకి చూడండి. హోస్ట్ మెషిన్ (అదే, ఆ బయటి మెషిన్) లోకల్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. డొమైన్ లేవకపోతే లోపలికి వెళ్లే దారి అదొక్కటే.

అసలు తీర్పు చెప్పేది మాత్రం ఈ పరీక్ష: మీ బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లోకి దించి, మెయిల్ తెరుచుకునేదాకా ఎన్ని గంటలు పట్టిందో గడియారం పెట్టుకుని చూడండి. ఇప్పటి పద్ధతిలో ఒకసారి, ట్రయల్‌గా పెట్టిన వర్చువల్ మెషిన్‌తో ఒకసారి. రెండు రోజుల పని సగం రోజుకి దిగితే మార్చండి. పెద్ద తేడా లేకపోతే ఆ డబ్బుతో మంచి యూపీఎస్, ఇంకో బ్యాకప్ డిస్క్ కొనుక్కోండి.

మార్చాలనే తేలితే పాత సర్వర్‌ను ఉన్నదున్నట్టు కాపీ కొట్టకండి. కొత్త వర్చువల్ సర్వర్ కట్టి మెయిల్‌బాక్సుల్ని ఒక్కొక్కటిగా తరలించండి, మొదట మీది. మధ్యలో గంటో రెండు గంటలో ఆగినా కంగారు పడొద్దు. అవతలి సర్వర్ దొరక్కపోతే పంపే సర్వర్లు మెయిల్‌ను వరుసలో ఉంచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి, నాలుగైదు రోజుల దాకా వదలకూడదన్నది ఇంటర్నెట్ ప్రమాణం. పాత డబ్బాను మాత్రం నెల రోజులు చెరపకుండా పక్కన పెట్టండి. ఎవరో ఒకరి పాత ఫోల్డర్ అందులోనే ఉండిపోయిందని మూడో వారంలో ఫోన్ వస్తుంది.