మే ఎండలో పెట్రోలు లీకైన చోట బోరు శాంపిల్ తీయాలంటే

పోయినేడు మే నెలలో నింపిన శాంపిల్ సీసాలు ఎనిమిది పారేశాను. తప్పు నాదే. సీసాలు జీపు సీటు మీద పెట్టి టీకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఒక్కోదాంట్లో బఠాణీ గింజంత బుడగ. నీళ్లలో కరిగిన బెంజీన్, అంటే పెట్రోలులో ఉండే విషం, ఆ బుడగలోకి చేరుకుంటుంది, మూత తీయగానే ఎగిరిపోతుంది. ల్యాబ్ రిపోర్టు మాత్రం ‘నీళ్లు బాగున్నాయి’ అంటుంది. కడప ఎండల్లో మనల్ని ముంచేదీ, మన రిపోర్టును ముంచేదీ ఈ ఆవిరే.

అందుకే పని ఆరింటికే మొదలుపెట్టి, పదిన్నరకల్లా సర్దుకోండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. గుంటల్లో, బోరు చాంబర్లో, పంపు షెడ్డు మూలల్లో నిలబడిపోతుంది. గాలిలో 1.4 శాతం ఉంటే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. సిగరెట్టు, ఫోను సంగతి అందరికీ తెలిసిందే, మరిచిపోయేది స్టార్టరు డబ్బా. పక్కతోట రైతు వచ్చి ‘కరెంటొచ్చింది సార్, మోటరు వేస్తా’ అంటాడు. స్టార్టరు పడేటప్పుడు లోపల మెరిసే రవ్వ చాలు. ముందురోజే వెళ్లి, ‘అన్నా, రేపు పొద్దున మేం చెప్పేదాకా మోటరు వేయొద్దు’ అని మాట తీసుకోండి. మోటరు ఆగితే నీటిమట్టం కూడా సరిగ్గా తెలుస్తుంది.

బోరు మూత తీసేటప్పుడు గాలి వచ్చే వైపు నిలబడండి, ముఖం పైపు మీదికి వంచొద్దు. గ్యాస్ మీటరు పేలుడు హద్దులో (పైన చెప్పిన 1.4 శాతంలో) పదోవంతు దాటితే వెనక్కి వచ్చేయడమే, బేరం లేదు. ‘వాసనేం రావట్లేదు సార్’ అనే మాట నమ్మొద్దు. కాసేపు పీల్చాక ముక్కు మొద్దుబారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో బెంజీన్‌కు పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. అంత తక్కువ రుచికీ, వాసనకూ దొరకదు.

మేలో ఇంకో తిరకాసు ఉంది. నీళ్లు అడుక్కి దిగేకొద్దీ, మట్టిలో ఇరుక్కున్న పెట్రోలు కూడా వాటితో దిగి బోరులో తేలుతుంది. నవంబరులో తేటగా ఉన్న బోరులో ఇప్పుడు రెండు వేళ్ల మందం కనబడొచ్చు. కొత్తగా లీకైందని కంగారు పడొద్దు. భూమిలోనూ అంతే మందం ఉందని రాసేయొద్దు, బోరులో అది ఎక్కువగా కనిపిస్తుంది. నూనె, నీరు వేరుగా చూపే మీటరుతో రెండు మట్టాలూ కొలిచి రాసుకోండి. పెట్రోలు తేలుతున్న బోరులో నీటి శాంపిల్ తీయడం దండగ.

శుభ్రంగా ఉన్న బోరు ముందు, బాగా చెడింది చివర. ఈ వరస తప్పితే తాడు, బెయిలరు (నీళ్లు తోడే సన్నని గొట్టం), గ్లవుజులు అన్నీ కలిసి మంచి బోరును కూడా చెడ్డదిగా చూపిస్తాయి. బోరు బోరుకీ గ్లవుజులు మార్చండి. శాంపిల్‌కు ముందు పైపులోని నిలవనీళ్లకు మూడు రెట్లు తోడాలి కదా, 50 మిల్లీమీటర్ల పైపులో మీటరుకు దాదాపు రెండు లీటర్లు ఉంటాయి. పది మీటర్ల నీళ్లుంటే మూడు రెట్లకు అరవై లీటర్లు. చిన్న పంపు ఉంటే నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్ల మధ్య మెల్లగా తీయడమే నాకు నచ్చిన పద్ధతి. నీళ్లు గిలకొట్టినట్టు కావు, ఆవిరీ పోదు.

ఇక సీసాలు. ఫ్లోరైడ్ పరీక్షకు వాటర్ బాటిల్‌లో నీళ్లు పట్టుకెళ్లే అలవాటు మనకుంది, ఇక్కడ అది పనికిరాదు. శాంపిల్ చెడకుండా ముందే కాస్త యాసిడ్ వేసి ఉంచిన 40 మిల్లీలీటర్ల గాజు సీసాలే కావాలి. సీసా వాల్చి, గోడ వెంబడి నీళ్లు జారేలా నింపి, అంచు మీద ఉబ్బెత్తుగా నిలిచాక మూత బిగించండి. తలకిందులు చేసి వేలితో తట్టండి. బుడగ పెద్దదిగా ఉంటే ఆ సీసా పక్కన పెట్టి కొత్తది నింపండి, మూత తీసి మళ్లీ పోయొద్దు, లోపలి యాసిడ్ పలచబడుతుంది.

నాపరాయి నేలల్లో మరో చిక్కు. సున్నపురాయి నీళ్లు యాసిడ్ తగలగానే సోడాలా పొంగి, మీరెంత జాగ్రత్తగా నింపినా బుడగలు వస్తూనే ఉంటాయి. ఎర్రగుంట్ల వైపు వెళ్తే ముందుగా ఒక సీసాలో పోసి చూడండి. పొంగితే యాసిడ్ లేని సీసాలు వాడి, ఆ సంగతి చీటీ మీద రాయండి. యాసిడ్ ఉన్నవి పద్నాలుగు రోజులు ఆగుతాయి, లేనివి ఏడు రోజుల్లో ల్యాబ్‌లో పరీక్ష అయిపోవాలి.

ఐస్ మామూలుగా తెచ్చేదానికి రెట్టింపు తీసుకెళ్లండి, సగం దారిలోనే కరిగిపోతుంది. సీసాలు 4 డిగ్రీల దగ్గర ఉండాలి, గడ్డకట్టకూడదు, కడితే పగులుతాయి. జనరేటరు పెట్రోలు క్యాను ఐస్ పెట్టె ఉన్న బండిలో వేయొద్దు. ల్యాబ్ శుభ్రమైన నీళ్లు నింపి ఇచ్చిన సీసాను మూత తీయకుండా మీ సీసాలతోనే తిప్పి పంపండి. దారిలో ఆవిరి అంటుకుందో లేదో అదే చెబుతుంది.

తోడిన నీళ్లు పక్క కాలువలో పోయొద్దు, డ్రమ్ములో పట్టి మూతపెట్టి, బోరు నంబరు, తేదీ రాసి నీడలో ఉంచండి. మూత బిగించే ముందు పైన కాస్త ఖాళీ వదలండి, మధ్యాహ్నానికి డ్రమ్ము ఉబ్బుతుంది.