దుస్తుల మాటున ధరించే చిన్న పిస్టల్: పరిమిత బడ్జెట్‌లో నమ్మదగినదాన్ని ఎంచుకోవడం

అమెరికాలో ఆత్మరక్షణ కోసం పిస్టల్‌ను దుస్తుల మాటున వెంట ఉంచుకోవాలని నిర్ణయించుకున్నవారిలో చాలామంది చేతిలో ఉన్న డబ్బంతా తుపాకీ మీదే పెట్టేసి, హోల్‌స్టర్ (పిస్టల్‌ను ఒంటి మీద ఉంచే తొడుగు), తూటాలు, సాధన సంగతి తరువాత చూసుకుందామనుకుంటారు. ఈ వరుస మారాలి. మొత్తం ఖర్చుకు ఏడు వందల డాలర్లు ఉన్నాయనుకుంటే, అందులో సగం మాత్రమే పిస్టల్‌కు కేటాయించి, మిగతా సగాన్ని మంచి హోల్‌స్టర్‌కు, గట్టి బెల్టుకు, కనీసం మూడు వందల తూటాలకు, ఒక పూట శిక్షణకు దాచుకోవాలి. మీ చేతిలో, మీ మ్యాగజైన్లతో (పిడిలో అమర్చే తూటాల డబ్బాలతో), మీరు వెంట ఉంచుకోబోయే తూటాలతో ఆ తుపాకీ ఆగకుండా పనిచేసిందని మీరే స్వయంగా చూసుకున్న తరువాతే దాన్ని నమ్మదగినదని అనాలి. ఆ పరీక్షకు డబ్బు మిగలకుండా ఖరీదైన పిస్టల్ కొనడం కన్నా, పరీక్షకు నిలిచిన చవక పిస్టల్ ఎంతో మేలని నా దృఢమైన అభిప్రాయం.

ధరల దగ్గరికి వెళ్లే ముందు మీకు కొనే అర్హత ఉందో లేదో తేల్చుకోండి. హెచ్-1బి, ఎఫ్-1 వంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీని గాని తూటాలను గాని కలిగి ఉండడాన్ని, వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. అర్హత లేనివారి కోసం స్నేహితుడు తన పేరు మీద కొని ఇవ్వడం ఇద్దరినీ నేరంలోకి లాగుతుంది. లైసెన్సు పొందిన డీలర్ దగ్గర పిస్టల్ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి, ఫారం 4473 అనే ఫెడరల్ కొనుగోలు పత్రం నింపాలి, నేపథ్య తనిఖీ పూర్తి కావాలి. వెంట ధరించడానికి కావలసిన పర్మిట్ నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ పక్క రాష్ట్రంలో చెల్లకపోవచ్చు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ వంటి చోట్ల పది తూటాలకు మించిన మ్యాగజైన్లు చెల్లవు కాబట్టి, ఎక్కువ సామర్థ్యం కోసం ఎక్కువ ధర పెట్టే ముందు మీ రాష్ట్రపు చట్టాన్ని చదవడం అవసరం.

తూటా పరిమాణం గురించి ఎక్కువ తర్జనభర్జన అక్కరలేదు. మొదటి పిస్టల్‌కు 9 ఎం.ఎం. సరిపోతుంది. సాధన తూటాలు అన్ని పిస్టల్ పరిమాణాల్లోనూ దాదాపు దీనికే చవకగా, విరివిగా దొరుకుతాయి. ఎఫ్.బి.ఐ. సైతం కొన్నేళ్లు దీనికన్నా పెద్దదైన .40 పరిమాణం వాడి 2010ల మధ్యలో మళ్లీ 9 ఎం.ఎం.కే వచ్చింది. చేతుల్లో బలం తక్కువగా ఉన్నవారు, కీళ్ల నొప్పులు ఉన్నవారు మాత్రం దీనికన్నా తక్కువ శక్తి గల .380 పరిమాణాన్ని పరిశీలించవచ్చు, అయితే అది కూడా మరీ చిన్న పిస్టల్‌లో కాకుండా, స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్ వంటి స్లయిడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ కదిలే భాగం) సులువుగా వెనక్కి లాగగలిగే పిస్టల్‌లో అయితే మంచిది.

అసలు చిక్కు పిస్టల్ పరిమాణంలో ఉంది. చిన్నదైతే దాచడం తేలిక కాబట్టి మొదటిసారి కొనేవారు అరచేతిలో ఇమిడిపోయేదాన్ని ఎంచుకుంటారు. రూగర్ ఎల్‌సిపి వంటి పిస్టల్ పావు కిలోకు కాస్త ఎక్కువ బరువే ఉంటుంది, జేబులో ఉన్నట్టే తెలియదు. కాని ఆ తేలికదనం వల్లనే పేల్చినప్పుడు చేతిని గట్టిగా తంతుంది, చిటికెన వేలికి పట్టు దొరకదు, గురి చూసే మిట్టలు కంటికి ఆనవు. ఫలితంగా సాధన చేయాలన్న ఉత్సాహమే చచ్చిపోతుంది. పైగా చిన్న పిస్టల్‌లో స్లయిడ్ తేలికగా ఉంటుంది, అది వెనక్కి వెళ్లి వచ్చే దూరం కూడా తక్కువ. దాన్ని అదుపు చేయడానికి గట్టి స్ప్రింగు వాడతారు. అందువల్ల మణికట్టు కాస్త సడలినా, తూటా కాస్త బలహీనమైనా ఖాళీ గుల్ల బయటికి పడకుండా ఇరుక్కునే అవకాశం పెరుగుతుంది. మూడు, నాలుగు అంగుళాల మధ్య బ్యారెల్ (తూటా బయటికి వెళ్లే గొట్టం), మూడు వేళ్లకూ పట్టు దొరికే పిడి ఉన్న పిస్టల్‌ను సరైన హోల్‌స్టర్‌లో ఉంచితే సాధారణ చొక్కా కిందే దాచవచ్చు. దాచేటప్పుడు బయటపడేది ముఖ్యంగా పిడే గాని బ్యారెల్ కాదు. కాబట్టి రెండు పిస్టళ్ల మధ్య ఎటూ తేల్చుకోలేనప్పుడు పిడి పొడవును కొలిచి చూడండి.

ఈ కొలతకు సరిపోయేవాటిలో 1988లో వచ్చిన గ్లాక్ 19 ఇప్పటికీ ఒక ప్రమాణమే. 15 తూటాల మ్యాగజైన్, నాలుగు అంగుళాల బ్యారెల్, విడిభాగాలూ హోల్‌స్టర్లూ ఎక్కడైనా దొరకడం దాని బలాలు. 2018లో సిగ్ సావర్ తెచ్చిన పి365, మూడు అంగుళాల పైచిలుకు బ్యారెల్‌తోనే మ్యాగజైన్‌లో పది తూటాలను ఇమిడ్చి ఈ తరగతి రూపాన్నే మార్చింది. 2021లో వచ్చిన స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ప్లస్ కూడా ఈ కోవలోదే. దాని ట్రిగ్గర్ కొత్తవారికి అనుకూలంగా ఉంటుంది. ఇవేవీ అందనంత బిగువుగా బడ్జెట్ ఉంటే, సాధారణంగా మూడు వందల డాలర్ల లోపు దొరికే టారస్ జి3సి, రూగర్ ఇసి9ఎస్ ఉన్నాయి. ఇసి9ఎస్‌లో గురి మిట్టలు స్లయిడ్‌లోనే చెక్కి ఉంటాయి, మార్చుకోవడానికి వీలుండదు. ధర తగ్గడానికి అదొక కారణం. ఇటువంటి చవక పిస్టల్ తీసుకున్నప్పుడు కింద చెప్పే పరీక్షను ఏమాత్రం తగ్గించకూడదు.

తక్కువ డబ్బుకు ఎక్కువ నాణ్యత దొరికే దారి మరొకటి ఉంది: పోలీసు శాఖలు కొత్తవి తీసుకుని డీలర్లకు తిరిగి ఇచ్చిన పాత పిస్టళ్లు. ఇవి ఏళ్లకేళ్లు హోల్‌స్టర్‌లో ఉండి పైన గీతలు పడినా, పేల్చింది మాత్రం తక్కువే అయి ఉంటుంది. వీటి గురి మిట్టల్లో చీకట్లో వెలిగే ట్రిటియం ఉంటే, దాని వెలుగు సుమారు 12 ఏళ్లకు సగానికి తగ్గుతుంది కాబట్టి మసకగా ఉండడం సహజం; ఆ మసకను చూపించి ధర తగ్గించమని అడగవచ్చు.

పాత పిస్టల్‌ను చేతిలోకి తీసుకున్నప్పుడు మొదట మ్యాగజైన్ తీసేసి, స్లయిడ్ వెనక్కి లాగి ఆపి, ఛాంబర్‌ను (పేలే ముందు తూటా కూర్చునే చోటును) కంటితో చూసి, వేలితో తడిమి ఖాళీ అని నిర్ధారించుకోండి. డీలర్ మీ ఎదుటే చూసి ఇచ్చినా మీరు మళ్లీ చూడడం మర్యాదే. ఆ తరువాత బ్యారెల్ లోపలికి వెలుగు పడేలా పట్టుకుని చూడండి: మెలికల గాడులు స్పష్టంగా, వరుస తప్పకుండా కనిపించాలి, మధ్యలో ఎక్కడైనా నల్లని ఉంగరంలాంటి గీత ఉంటే, అది లోపల తూటా ఇరుక్కుని ఉబ్బిన గుర్తు, అటువంటిదాన్ని వదిలేయాలి. ఖాళీ గుల్లను పట్టి లాగే చిన్న కొక్కెం అంచు విరిగి ఉండకూడదు. ఖాళీ మ్యాగజైన్ పెట్టి స్లయిడ్ లాగితే అది వెనకే ఆగిపోవాలి. డీలర్ అనుమతి తీసుకుని, ఖాళీ పిస్టల్‌ను సురక్షితమైన వైపు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కండి. నొక్కిన వేలిని అలాగే ఉంచి స్లయిడ్‌ను ఒకసారి లాగి వదలండి. ఇప్పుడు వేలిని మెల్లగా సడలిస్తే ఒకచోట టిక్కుమని స్పష్టంగా తెలియాలి. మ్యాగజైన్ పైఅంచుల్లో పగులు గాని వంపు గాని ఉందేమో చూడండి, ఎందుకంటే పిస్టల్ మొరాయించడానికి తరచు కారణం అదే. చివరగా, సీరియల్ నంబరును తయారీ సంస్థ వెబ్‌సైటులో చూసి, రీకాల్ (లోపం వల్ల సంస్థ వెనక్కి పిలవడం) ఏదైనా ఉందేమో కనుక్కోండి.

ఇక పరీక్ష. పిస్టల్‌ను శుభ్రం చేసి, నూనె వేసి, రేంజ్‌లో (కాల్పుల సాధన స్థలంలో) మామూలు సాధన తూటాలు రెండు వందలు కాల్చండి. మొదటి యాభైలో ఒకటి రెండు తడబాట్లు కొత్త పిస్టల్‌కు క్షమించవచ్చు. ఆ తరువాత కూడా ఆగిపోతుంటే మ్యాగజైన్లకు నంబర్లు వేసి, ఏ మ్యాగజైన్‌తో ఆగుతోందో రాసుకోండి. ఒకే మ్యాగజైన్ అయితే దాన్ని పారేయండి. అన్నింటితోనూ ఆగుతుంటే, అనుభవం ఉన్న మరొకరి చేత పేల్పించండి. ఆయన చేతిలో సవ్యంగా పనిచేస్తే లోపం మీ పట్టులో ఉంది, శిక్షణతో పోతుంది. ఆయన చేతిలోనూ ఆగితే పిస్టల్‌ను తయారీ సంస్థకు పంపాలి. తరువాత మీరు వెంట ఉంచుకోబోయే హాలో పాయింట్ తూటాలు కనీసం యాభై, ఒక్క తడబాటు లేకుండా పేలాలి. వాటి కొస బోలుగా ఉండడం వల్ల కొన్ని పిస్టళ్లు సాధన తూటాలను మింగినంత సులువుగా వీటిని మింగవు. తూటాను ఎంచుకునేటప్పుడు బాలిస్టిక్ జెల్‌లో (తూటా ఎంత లోతు దిగుతుందో కొలిచే జెల్లీ దిమ్మెలో) 12 నుంచి 18 అంగుళాలు దిగాలన్న ఎఫ్.బి.ఐ. కొలతను ఆధారంగా తీసుకోవచ్చు. న్యూజెర్సీలో హాలో పాయింట్లను బయట వెంట ఉంచుకోవడంపై ఆంక్షలున్నాయి కాబట్టి అక్కడివారు ముందుగా చట్టం చూసుకోవాలి.

హోల్‌స్టర్ దగ్గర పొదుపు చేయకండి. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న భాగాన్ని అది పూర్తిగా కప్పాలి, బయటి నుంచి నొక్కినా ట్రిగ్గర్ కదలకూడదు, పిస్టల్ బయటికి తీశాక కూడా దాని నోరు ముడుచుకోకూడదు. అన్ని పిస్టళ్లకూ సరిపోతుందని అమ్మే మెత్తటి గుడ్డ హోల్‌స్టర్లలో ఈ గుణాలు ఉండవు. మీ మోడల్‌కే అచ్చుపోసిన కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టర్ యాభై, అరవై డాలర్లకే దొరుకుతుంది. ఖాళీ పిస్టల్‌ను అందులో పెట్టి పరుపు మీద తలకిందులుగా ఊపి చూడండి. జారిపడితే అది పనికిరాదు. పిస్టల్‌ను తిరిగి హోల్‌స్టర్‌లో పెట్టేటప్పుడు చొక్కా అంచు ట్రిగ్గర్‌కు తగులుకోకుండా పక్కకు లాగి, కళ్లతో చూస్తూ, నెమ్మదిగా పెట్టాలి. ప్రమాదవశాత్తు పేలడాలు ఈ క్షణంలో జరగవచ్చు.

పిస్టల్ ఒంటి మీద లేని ప్రతి నిమిషం అది తాళంలో ఉండాలి. డీలర్ పిస్టల్‌తో పాటు తాళం ఇవ్వాలని ఫెడరల్ చట్టమే చెబుతుంది, కాని ఆ చిన్న తీగ తాళం కన్నా గోడకో మంచానికో బిగించిన చిన్న ఇనుప పెట్టె మంచిది. పిల్లలున్న ఇంట్లో, మనసు కుంగిపోయి ఉన్నవారున్న ఇంట్లో ఈ పెట్టె ఖర్చును పిస్టల్ ధరలో భాగంగానే లెక్కించాలి. అంత డబ్బు లేకపోతే పిస్టల్ కొనడం వాయిదా వేయాలి. ప్రతి రాత్రి తూటాను ఛాంబర్‌లోంచి తీసి పొద్దున మళ్లీ అదే తూటాను ఎక్కించే అలవాటు ఉంటే, దాని కొస క్రమంగా గుల్లలోకి నొక్కుకుపోయి, పేల్చినప్పుడు లోపలి ఒత్తిడి ప్రమాదకరంగా పెరగవచ్చు. అందువల్ల ఆ తూటాను కొత్త తూటా పక్కన నిలబెట్టి ఎత్తు పోల్చండి. పొట్టిగా కనిపిస్తే పక్కన పెట్టేయండి. స్ప్రింగును కూడా తయారీ సంస్థ చెప్పిన గడువుకే మార్చండి, చిన్న పిస్టళ్లలో అది పెద్దవాటి కన్నా త్వరగా అలసిపోతుంది.