పీటర్ హామిల్‌ని విజయనగరంలో వినిపించాలంటే

ప్రోగ్రెసివ్ రాక్ (పొడవైన, మలుపులు తిరిగే పాటల రాక్ సంగీతం) అంటే పింక్ ఫ్లాయిడ్ బృందం దగ్గరే ఆగిపోయినవాళ్లలో పీటర్ హామిల్ పేరు విన్నవాళ్లు తక్కువ. 1967లో మాంచెస్టర్ యూనివర్సిటీలో మొదలైన వాన్ డర్ గ్రాఫ్ జెనరేటర్ బృందానికి పాటలు రాసి, పాడింది ఈయనే. 1971లో వచ్చిన వాళ్ల ‘పాన్ హార్ట్స్’ సొంత దేశం ఇంగ్లండులో పెద్దగా పట్టించుకోకపోయినా ఇటలీలో మొదటి స్థానానికి వెళ్లింది. అభిమానులు కొత్తవాళ్లని పిలిచి కూర్చోబెట్టి, ఆ ఆల్బమ్‌లోని 23 నిమిషాల పాటే ముందు పెట్టేస్తారు. పది నిమిషాలు తిరక్కుండా సగం మంది ఫోన్లు తీస్తారు. ఇందులో వినేవాళ్ల తప్పేమీ లేదు, పెట్టిన వరస తప్పు.

మన దగ్గర గొంతుతో మొదలుపెట్టాలి. ఆదిభట్ల నారాయణదాసు గారి ఊళ్లో హరికథ ఎలా నడుస్తుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒక్క మనిషే కథ చెబుతాడు, పాడతాడు, ఉన్నట్టుండి పాత్రలోకి దూకి గద్దిస్తాడు. హామిల్ గొంతు చేసే పని కూడా ఇంచుమించు అదే. గుసగుసగా మొదలైన వాక్యం కేకతో ముగుస్తుంది. ఈ ఒక్క మాట ముందు చెబితే చాలు. జీవిత చరిత్ర రెండు నిమిషాలు దాటనివ్వకండి.

పది మందికి మించి పిలవకండి. దసరా తర్వాతి మంగళవారం సిరిమానోత్సవం, ఆ వారం పెట్టుకుంటే ఎవరూ రారు. గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. శబ్దం గంటలా మోగితే టైల్స్ మీద జంపఖానా పరచండి, స్పీకర్ల ఎదుటి గోడకి మందపాటి దుప్పటి వేలాడదీయండి. ఇది చెయ్యకపోతే ఆర్గాన్, శాక్సోఫోన్ కలిసిపోయి ముద్దగా వినబడతాయి. బ్లూటూత్ డబ్బా ఒక్కటే ఉంటే ఆ కార్యక్రమం వాయిదా వెయ్యడమే మేలు. ఈ బృందంలో వాద్యాలు కుడి ఎడమలుగా విడిపోయి ఉంటాయి, ఒకే డబ్బాలో ఆ దూరం పోతుంది. రెండు స్పీకర్లు ఆరేడు అడుగుల దూరంలో, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో, గోడకి అడుగున్నర ఇవతల ఉండాలి. మూలకి నెట్టకండి. 1970 తర్వాత ఈ బృందంలో బేస్ గిటార్ పనంతా ఆర్గాన్ వాయించే హ్యూ బాంటన్ ఎక్కువగా కాలి పెడళ్లతోనే చేశాడు. మూలనున్న స్పీకర్‌లో ఆ స్వరాలు బుస్సుమంటాయి. బేస్ బూస్ట్ ఉంటే అదీ తీసెయ్యండి.

ఫోన్‌ని వైరుతో కలిపి ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. పాటలు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. నెమ్మదిగా నడిచే చోట ప్రకటన వచ్చిందంటే అంతవరకూ కట్టిందంతా కూలిపోతుంది. యాప్‌లో క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరని తర్వాతి పాటలో కలిపేసేది), శబ్దాన్ని సమం చేసే సెట్టింగు రెండూ ఆపండి. అన్నిటికంటే గట్టిగా మోగే చోటు ముందు వాయించి, అక్కడ చెవికి ఇబ్బంది లేనంత వాల్యూమ్ పెట్టి, ఇక ముట్టుకోకండి. గుసగుసల చోట పెంచితే వెంటనే వచ్చే కేకకి అందరూ ఉలిక్కిపడతారు. ఫ్యాను రెండు మీద తిప్పండి. కరెంటు పోతే చవక రకం ఇన్వర్టర్ మీద ఆంప్లిఫయర్ గుయ్యిమంటుంది, సైన్ వేవ్ రకమైతే ఆ బాధ ఉండదు. మిక్స్చర్ పొట్లాలు పాటలయ్యాక విప్పాలి, కావాలంటే టీ ముందే పొయ్యండి.

పాటలు వెతికేటప్పుడు ఒక చిన్న చిక్కుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన యంత్రం పేరు ‘వాన్ డి గ్రాఫ్’, బృందం పేరు ‘వాన్ డర్ గ్రాఫ్’. మొదటిది కొడితే జుట్టు నిలబడే ప్రయోగాల వీడియోలు వస్తాయి.

మొదటి రోజు అరగంట సంగీతం చాలు. ‘విజన్’తో మొదలుపెట్టండి. 1971 నాటి సోలో ఆల్బమ్ ‘ఫూల్స్ మేట్’లోది, మూడు నిమిషాల పైచిలుకు. పియానో, గొంతు, అంతే. తర్వాత 1970 నాటి ‘రెఫ్యూజీస్’: ఆరు నిమిషాలు, ఫ్లూట్, చెల్లో. ఒకప్పుడు కలిసి బతికిన స్నేహితుల్ని తలుచుకునే పాట, పెద్దవాళ్లకి కూడా వెంటనే పడుతుంది. మూడోది ‘కిల్లర్’, ఎనిమిది నిమిషాలు. సముద్రం అడుగున ఒక చేప దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ చంపేసి, చివరికి తోడు లేక కుమిలిపోతుంది. ఈ కథ ముందే చెప్పండి. కద్రి గోపాల్‌నాథ్ వల్ల శాక్సోఫోన్ మనకి కొత్త కాదు గానీ, ఇక్కడ డేవిడ్ జాక్సన్ దాన్ని కరెంటుకి తగిలించి గిటార్ చోట నిలబెట్టాడు. ఒక్కోసారి రెండు శాక్సోఫోన్లు ఒకేసారి నోట పెట్టుకుని వాయిస్తాడు. ఆ ఫొటో ఒకటి చూపిస్తే గదిలో నిద్ర ఎగిరిపోతుంది.

నాలుగోది మన ఊరి కోసం. జాక్సన్, బాంటన్ వెళ్లిపోయాక 1977లో ఫిడేలు వాయించే గ్రాహమ్ స్మిత్ వచ్చాడు. ఆ ఏటి ‘ద క్వైట్ జోన్/ద ప్లెజర్ డోమ్’లో ‘క్యాట్స్ ఐ/ఎల్లో ఫీవర్’ వినిపించండి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి సంగీత కళాశాల నీడలో పెరిగిన చెవులు వెంటనే శ్రుతి పట్టి చూస్తాయి. ఇక్కడ గమకాలు వెతకొద్దనీ, విల్లు తాళాన్ని ఎలా తరుముతోందో చూడమనీ చెప్పండి. చివరగా ‘గాడ్‌బ్లఫ్’ (1975) నుంచి ‘ది అండర్‌కవర్ మ్యాన్’. ఏడున్నర నిమిషాలు. గుసగుసతో మొదలై మెట్టు మెట్టుగా పైకి లేస్తుంది.

సాహిత్యం మొత్తం అచ్చు తియ్యకండి, తల కిందికి వంచుకుని చదవడంలో పడిపోతారు. పాటకి నాలుగు వాక్యాల తెలుగు సారాంశం ఇస్తే చాలు.

“ఏటి బాబూ, ఆడలా అరుస్తన్నాడేటి?” అని ఎవరో ఒకరు అనక మానరు. వాదనకి దిగకండి. అరుస్తున్నది పాత్ర అని చెప్పి, ఆ ముప్పై సెకన్లు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టండి. “శ్రుతి తప్పాడు” అంటే ఒప్పేసుకోండి, చాలాచోట్ల నిజమే. ఆయనకి భావం ముందు, స్వరం తర్వాత. ఆ బేరం నచ్చనివాళ్లని పట్టి ఉంచి లాభం లేదు.

23 నిమిషాల ‘ఎ ప్లేగ్ ఆఫ్ లైట్‌హౌస్ కీపర్స్’ మూడోసారి కూర్చునేదానికి అట్టిపెట్టండి. రెండోసారి ‘మ్యాన్-ఎర్గ్’, ‘ద స్లీప్‌వాకర్స్’ లాంటి పది నిమిషాల పాటలు వినిపిస్తే ఊపిరి అలవాటవుతుంది. రెండోదాని మధ్యలో హఠాత్తుగా చా-చా డాన్సు బాణీ వస్తుంది, నవ్వనివ్వండి. పెద్ద పాటకి మాత్రం మనకో సౌకర్యం ఉంది. కళింగపట్నం లైట్‌హౌస్ చూసినవాళ్లకి ఆ పాట పీఠిక అక్కర్లేదు. దీపం కాపలాదారు ఒంటరిగా ఓడలు మునగడం చూస్తూ, కాపాడలేకపోయానన్న బాధతో మతి చెడే దాకా వెళతాడు. పాట పది భాగాలు, విడివిడిగా రికార్డు చేసి అతికించారు కాబట్టి అతుకులు వినబడతాయి. మొదట్లోనే వాద్యాలు పొగమంచులో ఓడ కూతల్లా మోగే చోటుంది, అది ముందే చెప్పి ఉంచండి. మధ్యలో మాత్రం ఒక్కసారి కూడా ఆపకండి. గందరగోళంగా అనిపించే చోట ఆపితే చివరి ప్రశాంతతకి బలం ఉండదు.

ఇంటికి తీసుకెళ్లడానికి అందరికీ ఒకే ఆల్బమ్ చెప్పకండి. ఫిడేలు నచ్చినవాళ్లకి, విడిపోయిన బంధం చుట్టూ తిరిగే హామిల్ సోలో ఆల్బమ్ ‘ఓవర్’ (1977), అందులోనూ స్మిత్ ఉన్నాడు. గిటార్ మోత కావాలనే కుర్రాళ్లకి ఆయన సోలో ఆల్బమే ‘నాదిర్స్ బిగ్ ఛాన్స్’ (1975). సెక్స్ పిస్టల్స్ అనే పంక్ రాక్ బృందం గాయకుడు జాన్ లైడన్ 1977లో లండన్ రేడియోలో అందులోంచి పాటలు వేసి మెచ్చుకున్నాడు. బృందం ‘వైటల్’ (1978) మాత్రం ఎవరికీ అప్పుడే ఇవ్వకండి. కచేరీ రికార్డింగ్, శబ్దం గరుకు, పాటలు ముందే తెలిసినవాళ్లకే అందులో రుచి తెలుస్తుంది.