గుండెకు జన్యువును చేర్చడం – 3వ పాఠం: మేక గుండె మీద మూడు దారులు

రెండో పాఠంలో జన్యువును మోసే బండిని చూశాం: ఏఏవీ అనే, జబ్బు తేని బుల్లి వైరస్. అడ్డకొలత 25 నానోమీటర్లు, అందులో పట్టేది సుమారు 4,700 అక్షరాల జన్యువు. ఇవాళ దారి సంగతి. బ్యారేజీలో నీళ్లుండి కూడా మడి తడవకపోవడం ఎలా ఉంటుందో వంశధార ఎడమ కాలువ శివారు రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. గుండె జన్యు చికిత్సలో కూడా గొడవంతా శివారుదే.

మేక గుండె ఒకటి, 5 మి.లీ. సిరంజిలు రెండు (ఒకదానికి సూది తీసేయండి), నీలం సిరా, పదునైన కత్తి సిద్ధం చేసుకోండి. గుండెకు గాటు పెట్టవద్దని, పైనున్న గొట్టాలు కోయవద్దని కొట్లో ముందే చెప్పాలి. శ్రీకాకుళంలో ఒక ఆదివారం నేను ఆ మాట మరిచాను. కొట్టతను బృహద్ధమనిని మొదలంటా తీసేసి, గుండెను నాలుగు ముక్కలు చేసి ఇచ్చాడు. ఆ వారం పాఠం కూరలో కలిసింది.

మొదటిది ముందు దారి. తెల్లగా, మందంగా, నొక్కి వదిలితే మళ్లీ గుండ్రంగా తెరుచుకునే గొట్టమే బృహద్ధమని. దాన్ని కొద్దిగా చీల్చి చూస్తే మూడు రెక్కల కవాటం, రెక్కల వెనక రెండు రంధ్రాలు కనిపిస్తాయి. గుండె తన సొంత వాటా రక్తం తీసుకునేది వీటి నుంచే. గడ్డలు పోయేలా కడిగి, పెద్ద రంధ్రానికి సూది లేని సిరంజి ఆనించి సిరా మెల్లగా వదలండి. కొవ్వు మధ్య నీలం తీగలు పాకుతాయి. ఓపికగా తోస్తే కుడి కర్ణికలో, కరోనరీ సైనస్ (గుండె వాడేసిన రక్తాన్ని పోగుచేసి వెనక్కి తెచ్చే పెద్ద సిర) నోటి దగ్గర నీలం కారుతుంది. ఆ కారిపోయినదంతా మందే అనుకోండి. బతికున్న గుండెలో ఇది కొన్ని సెకన్ల ప్రయాణం. నాళపు గోడ దాటితే తప్ప కండర కణం అందదు.

250 మంది గుండె వైఫల్య రోగులతో జరిగిన క్యూపిడ్-2 పరీక్షలో సెర్కా2ఏ (గుండె కండర కణంలో కాల్షియాన్ని తోడే పంపు) జన్యువును ఈ దారినే ఎక్కించారు. 2016లో వెలువడిన ఫలితం ప్రకారం మందుకూ ఉత్తుత్తి మందుకూ తేడా లేదు. మందు ఎక్కించాక పరీక్షకు దొరికిన గుండె కండరంలో కొత్త జన్యువు జాడ చాలా తక్కువ. ఎంచుకున్న జన్యువునే అనుమానించేవారు ఉండవచ్చు. నేను మాత్రం శివారుకు నీరందలేదనే అంటాను.

రెండోది వెనక దారి. సైనస్ నోట్లో సిరంజి పెట్టి, చుట్టూ వేళ్లతో బిగించి ఎదురు తోయండి. మనిషిలో ఆ బిగింపు పని బుడగ ఉన్న గొట్టం చేస్తుంది. తూము మూసి మడిలో నీరు నిలబెట్టినట్టు, మందు కాసేపు అక్కడే ఆగుతుంది. నాకు ఇదే తెలివైన దారి అనిపిస్తుంది. ఒత్తిడి మితిమీరితే మాత్రం సిర చిట్లుతుంది.

మూడోది సూది. ఎడమ జఠరిక గోడలో రెండు చుక్కల సిరా ఎక్కించి, కోసి చూడండి. చింతగింజంత మరక, చుట్టూ అంతా ఎర్రగానే. నాళపు గోడ బెడద లేదు, కానీ ఒక్క పోటుకు ఒక్క మరకే. అసలు గుండెకైతే ఇలా ఎన్నో పోట్లు, ఛాతీ తెరిచో, గొట్టంతో లోపలి నుంచో పొడవాలి. (ఈ గుండె ఇక కూరకు పనికిరాదు.)

చేతి సిర దారిని మేక గుండె మీద చూపలేం. రోగికి సులువే, కానీ మందులో పెద్ద వాటా కాలేయం లాగేసుకుంటుంది. అందుకే మోతాదు పెంచాలి, పెంచితే రోగనిరోధక వ్యవస్థ తిరగబడే ముప్పు. లెక్క మీరే చేయండి. క్యూపిడ్-2లో మనిషి మొత్తానికి 10 లక్షల కోట్ల వైరస్ రేణువులు. డానన్ వ్యాధికి (గుండె కండరాన్ని దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు) సిర ద్వారా ఇచ్చిన ఏఏవీ9 (ఏఏవీలో ఒక రకం) తక్కువ మోతాదే కిలో బరువుకు 67 లక్షల కోట్లు. 50 కిలోల మనిషికి ఎన్ని రెట్లు? 335 రావాలి. 6.7 వస్తే కిలోల సంగతి మరిచారన్నమాట.