లంబపాదం రెండు లైన్లలో

బైరాగిపట్టెడలో మా అన్న కూతురికి సాయంత్రాలు ఇంటర్ లెక్కలు చెప్తున్నా. బిందువు నుంచి సరళరేఖకు లంబపాదం (అంటే బిందువు నుంచి గీసిన లంబం రేఖను తాకే చోటు) కనుక్కోమంటే చాలు, వాలు తీసి, లంబరేఖ సమీకరణం రాసి, రెండింటినీ సాధించేసరికి అర పేజీ అయిపోతోంది. ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అందులో లెక్కలే 80. అంత తీరిక ఉండదు.

ఇలా చేయండి. బిందువు (5, 6), రేఖ ఎక్స్ + 2వై − 7 = 0 అనుకుందాం. బిందువును రేఖలో వేస్తే 5 + 12 − 7 = 10. గుణకాల (ఎక్స్, వైల ముందున్న అంకెల) వర్గాల మొత్తం 1 + 4 = 5. భాగిస్తే 2. ఈ 2ను ఒక్కో గుణకంతో గుణించి బిందువులోంచి తీసేయండి: 5 − 2, 6 − 4. లంబపాదం (3, 2). ప్రతిబింబం కావాలంటే దానికి రెట్టింపు తీసేయాలి: (1, −2). లంబపాదాన్ని మళ్లీ రేఖలో వేసి సున్నా వస్తోందా చూసుకోండి, ఐదు సెకన్ల పని. మా పిల్ల మొదట్లో ఇదే వదిలేసేది.

రేఖ వై = 2ఎక్స్ + 3 లాగా ఉంటే ముందు అన్నీ ఒకే వైపుకు తెచ్చుకోవాలి, లేదంటే గుర్తులు తప్పుతాయి. బోర్డు పరీక్షలో సూత్రాన్ని నిరూపించమంటే మాత్రం ఇది పనికిరాదు, పూర్తి సోపానాలు రాయాల్సిందే.